పాత మోటారు కొనేముందు



ఇంట్లో చిన్న సాన, డ్రిల్లు నడుపుకోవడానికి అర హార్స్‌పవర్, అంటే 373 వాట్ల మోటారు చాలు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో గాని, మీ ఊరి వైండింగ్ షాపులో గాని పాతది అడగండి. ముందు నేమ్‌ప్లేటు చదవండి. సింగిల్ ఫేజ్, 230 వోల్టులు, నిమిషానికి సుమారు 1440 చుట్లు ఉండాలి. త్రీ ఫేజ్‌ది చవకని తెచ్చుకుంటే ఇంటి కరెంటుకు నేరుగా తిరగదు.

షాఫ్టు చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగు అరిగినట్టు. అది చిన్న ఖర్చు. గుయ్యిమంటూ కదలకపోతే చాలాసార్లు కెపాసిటరే. మాడు వాసన వస్తే మాత్రం వదిలేయండి. రీవైండింగ్‌తో చవక కాస్తా ఖరీదవుతుంది.

బాడీకి కరెంటు వస్తోందేమో మెగ్గరుతో పరీక్ష చేయించి, ఎర్తు కలిపాకే స్విచ్చి వేయండి. మనుమలు తిరిగే ఇళ్ళు మనవి.