ఇంటి సేవకు ఒక సూత్రధారి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము 25 ఏండ్లు నిలిచినదన్న, అందులకు పుస్తకములు మాత్రమే కారణము కాదు. ఏ పుస్తకము ఎవరి యింట నున్నదో, ఎన్నడు తిరిగి రావలెనో ఒకరు శ్రద్ధతో చిట్టాలో వ్రాయుచుండుటయు కారణమే. ఆ చిట్టా లేనిచో పుస్తకములుండియు గ్రంథాలయముండదు. నేను నేడు మాటలాడబోవునది రోగులున్న యింటిని గూర్చి. అచ్చటను మర్మమిదియే.

కొన్ని యేండ్ల క్రిందట మా తల్లిగారికి పక్షవాతము వచ్చినది. తండ్రిగారికి అంతకు మునుపే మధుమేహము. మా అన్నగారి కుమారుడు పుట్టుకనుండి నడువలేని బిడ్డ. ముగ్గురికిని వేర్వేరు వైద్యులు, వేర్వేరు ఆసుపత్రులు. ఒక వైద్యుడు తల్లిగారి రక్తపోటునకు ఒక మాత్ర వ్రాసెను. మరియొక వైద్యుడు అదే మందును వేరొక కంపెనీ పేరుతో వ్రాసెను. ఆమె రెండును మ్రింగుచు వచ్చిరి. ఒకనాటి వేకువను లేచి, కన్నులు తిరిగి పడి, తుంటి యెముక విరిగినది. తప్పెవరిది? మొదటి మందు సరియైనదే, రెండవదియు సరియైనదే. మా వదినగారు వేళ తప్పక ఇచ్చిరి. ఎవరి పని వారు చేసిరి. అన్నింటిని కలిపి చూచువారు మాత్రము లేకపోయిరి.

ఇట్లు కలిపి చూచుటయే ఒక వృత్తిగా ఇతర దేశములలో పెంపొందినది. దానిని కేసు మేనేజిమెంటు అందురు. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ అను విదుషీమణి 1917లో ‘సోషల్ డయాగ్నసిస్’ అను గ్రంథమును ప్రకటించినది. కష్టములోనున్న మనుజుని ఒక్కనినే గాక, అతని కుటుంబమును, ఇరుగుపొరుగును, బడిని, వైద్యుని విచారించిన గాని సాయము సరిగా చేయజాలమని ఆమె బోధ. జపానులో 2000 సంవత్సరమున దీర్ఘకాల సంరక్షణ బీమా చట్టము అమలులోనికి వచ్చినది. ఆ యేర్పాటులో కేర్ మేనేజరు అను నిపుణుడు వృద్ధుని యింటికి వచ్చి, అవసరములు తెలిసికొని, ప్రణాళిక వ్రాసి, నర్సును, స్నానము చేయించువారిని, పగటి కేంద్రమువారిని ఒకచోట చేర్చి మాట్లాడించును. సేవలన్నియు ఒకదానితో నొకటి పొసగునట్లు చూచుటయే అతని పని.

మన దేశమున సాంఘిక సేవను వృత్తిగా నేర్పు విద్యాలయము 1936లోనే బొంబాయిలో వెలసినది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను వలన ఆశా కార్యకర్తలు మన వీధులకు వచ్చిరి. అయినను ప్రతి కుటుంబమునకు ఒక సూత్రధారి ఇంకను లభింపలేదు. అంతవరకు ఆ భారము ఇంటివారే తెలివితో వహింపవలెను.

తుంటి విరిగిన పిమ్మట ఆసుపత్రిలో ఒక నర్సు మాకు దారి చూపినది. ఒక నోటుపుస్తకము తెప్పించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట కేటాయించినది. వ్యాధి, మందు అసలు పేరు, మోతాదు, వేళ, పడని మందులు, వైద్యుని చూడవలసిన తేదీ, పింఛను కాగితముల జాడ అందు వ్రాయించినది. ఏ వైద్యుని కడకు పోయినను మొదట ఈ పుస్తకమునే చూపవలెననియు, వారిని అడుగక ఏ మందును మానరాదనియు చెప్పినది. కడపటి పుటలో మా వదినగారి పేరు వ్రాసి, “ఈమెకు సెలవు ఎన్నడు?” అని అడిగినది. మాలో ఒక్కరును బదులు చెప్పలేకపోతిమి. మూడేండ్లుగా ఆమె పుట్టింటి గడప త్రొక్కలేదని మాకు స్ఫురించినది అప్పుడే. నాటినుండి ఆదివారపు పని మేము అన్నదమ్ములము పంచుకొంటిమి. పుస్తకము నా చేతికి వచ్చినది.

సోదరులారా, సేవ అందరిదిగా ఉండవలెను. దారము ఒకరి చేతిలో నుండవలెను. దారము పట్టినవారే భారమంతయు మోయవలెనన్న అది అన్యాయము.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. వారమునకొక సాయంకాలము ఇచ్చట ఒక బల్ల వేయింపుడు. చదువుకొన్న యువతీయువకులు ఇట్టి పుస్తకములు వ్రాసిపెట్టుటకు, దరఖాస్తులు పూరించుటకు తోడ్పడవలెను. వయోవృద్ధుల సహాయమునకు 14567 అను ఉచిత ఫోను నంబరు కలదని గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పుస్తకముల లెక్క 25 ఏండ్లు తప్పక వ్రాసిన ఈ చోటు, మనుష్యుల లెక్కయు వ్రాయగలదని నా నమ్మకము.