ఇల్లు, బడి, దేవాలయం: కోలారు బంగారు గనుల సీమలో సత్యోపదేశం
(ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల పండుగ వేళ పాఠశాల తన భవనాలను, పరీక్షా ఫలితాలను లెక్కించుకోవడం సహజం. కతోలిక సమాజం మాత్రం మరొక ప్రశ్న కూడా వేసుకోవలసి ఉన్నది. అక్షరం నేర్చిన బిడ్డకు విశ్వాసం ఎవరు నేర్పారు? ఏ భాషలో నేర్పారు? ఈ ప్రశ్నకు కోలారు బంగారు గనుల సీమ చక్కని సమాధానం చెబుతున్నది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ అక్కడ గనుల పని చేపట్టిన పిమ్మట ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు తరలివచ్చాయి. అధికసంఖ్యాకులైన తమిళుల పొరుగునే తెలుగువారు, కన్నడిగులు, ఆంగ్లో-ఇండియన్లు నివసించారు. ఛాంపియన్ రీఫ్ గని కాలక్రమేణా 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఆ లోతున ఒత్తిడికి బండలు పగిలి మీదపడే ప్రమాదం నిత్యం పొంచి ఉండేది. పనికి దిగినవాడు క్షేమంగా పైకి వచ్చేవరకు ఇంటివారికి ప్రార్థనే ధైర్యం. ఛాంపియన్ రీఫ్స్‌లోని విజయాల మాత దేవాలయం అటువంటి కుటుంబాలకు ఆశ్రయమైంది.

ఆ కాలంలో పీఠం వద్ద దివ్యపూజ లాటిన్ భాషలో జరిగేది. అయినా విశ్వాసం సామాన్యుని హృదయానికి చేరింది. ఇంట అవ్వ పలికిన జపమాల, ఉపదేశి వల్లెవేయించిన జ్ఞానోపదేశం మాతృభాషలోనే సాగినందువలన అది సాధ్యమైంది. తెలుగువారికి ఈ సంపద కొత్తది కాదు. 18వ శతాబ్ది ఆరంభంలోనే యేసుసభ గురువులు కోలారు పొరుగునున్న పుంగనూరు ప్రాంతంలో తెలుగులో బోధించారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరితను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రచించాడు.

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనలో మాతృభాషకు ద్వారం తెరిచింది. 1965 అక్టోబరు 28న అదే మహాసభ ఒకేరోజున రెండు ప్రకటనలు వెలువరించింది. బిడ్డలకు తొలి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని క్రైస్తవ విద్యను గూర్చిన ప్రకటన బోధించింది. ఇతర మతాలలోని సత్యాన్ని, పవిత్రతను గౌరవించాలని రెండవది బోధించింది. భారత రాజ్యాంగం కూడా 30వ అధికరణంలో అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నెలకొల్పి నిర్వహించుకొనే హక్కునిచ్చి, 28వ అధికరణంలో గుర్తింపు పొందిన బడిలో ఏ బిడ్డకూ సమ్మతి లేకుండా మతబోధ చేయరాదని నిర్దేశించింది. మైనరు బిడ్డ విషయంలో ఆ సమ్మతి సంరక్షకులది. కనుకనే కతోలిక బిడ్డలకు సత్యోపదేశం, తక్కిన బిడ్డలకు నీతిబోధ అనే ఏర్పాటు సముచితమైనది. పక్క బల్లమీది హిందూ, ముస్లిం సహపాఠిని గౌరవించని బిడ్డ ఎన్ని జపాలు కంఠస్థం చేసినా సత్యోపదేశం పూర్తి కాలేదనే చెప్పాలి.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడ్డాయి. నాటినుండి ఎందరో మారికుప్పం, బంగారుపేటల నుండి తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. అటువంటి ఇంట తండ్రి వచ్చేసరికి బిడ్డలు నిద్రిస్తారు. అవ్వ జపపుస్తకం తెలుగులో ఉంటుంది. మనుమరాలు చదివేది ఆంగ్లమో కన్నడమో. పూజ లాటిన్‌లో ఉన్ననాడు ఇంట మాతృభాష మ్రోగింది. పూజ మాతృభాషలోకి వచ్చిన తరువాత ఇల్లు మౌనం వహిస్తున్నది. ఈ లోటును వారానికి ఒకటి రెండు గంటల పాఠంతో ఏ ఉపాధ్యాయుడూ పూరించలేడు.

తల్లిదండ్రులారా, ఆదివారమైనా బిడ్డలను చుట్టూ కూర్చుండబెట్టుకొని ఒక్క జపం ఇంటి భాషలో పలికించండి. ఉపాధ్యాయులారా, బిడ్డ ఇంటిలో పలికే మాటతోనే పాఠం మొదలుపెట్టండి. పూర్వ విద్యార్థులారా, మీ అవ్వల జపపుస్తకాలను పెట్టెల అడుగున దాచక, వాటిని చదవగల అక్షరాలను మీ బిడ్డలకు నేర్పండి.

భూగర్భంలోని బంగారాన్ని ఇంకొకరు తవ్వి తీసి ఇవ్వవచ్చు. తల్లి ఒడిలో నేర్వవలసిన ప్రార్థనను ఆ ఇంటివారే అందించాలి. అందుకు దేవుని ఆశీస్సులు సమృద్ధిగా లభించుగాక.