యంత్రముల నడుమ లేఖావిద్య
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పుటకు మమ్ము నియోగించిన పెద్దలకు కృతజ్ఞులము. జీవితమంతయు శబ్దములును సంధిసూత్రములును బోధించుచు గడపిన మేము, ఎక్స్ఎంఎల్ సందేశములతో నడచు వెబ్ సేవలను గూర్చియు, వానిని నడుపు మిడిల్‌వేరును గూర్చియు ప్రసంగింప బూనుట చూచి కొందఱు నవ్వవచ్చును. మన వసతిగృహ విద్యార్థులకు సాయంకాలము సంస్కృతము చెప్పుచు, వారి పుస్తకములను వారివలననే మేమును చదివితిమి. అందు మాకు తెలిసినదియు, అంతకు ముందు మేము చేసిన తప్పిదమును మనవి చేయుటకే వచ్చితిమి.

ముందుగా తప్పిదము. మూడేండ్ల క్రిందట ఒక పేద విద్యార్థి పాతపుస్తకముల యంగడిలో ఈ విద్యకు సంబంధించిన గ్రంథమొకటి కొనితెచ్చెను. అందలి మొదటి యభ్యాసమే నడువలేదు. పుస్తకములో ఉన్నదున్నట్లు వ్రాసినను, కావలసిన భాగము కానరాలేదని యంత్రము మొఱపెట్టెను. ఆతడు మాయొద్దకు రాగా, "నీకు శ్రద్ధ చాలదు, మరల చదువుము" అంటిమి. పదిదినములు ప్రయత్నించి, తనకు బుద్ధి లేదని నిశ్చయించుకొని, చదువు మాని వెడలిపోయెను. తరువాత ఒక విద్యార్థిని మాకు కారణము తెలిపినది. ఆ గ్రంథము జావా భాష 6వ కూర్పు కాలమున వ్రాయబడినది. ఆ కూర్పునందు, అనగా 2006లో, వెబ్ సేవలకు వలయు పరికరములు జావాలోనే కలిసియుండెను. 2018లో వెలువడిన 11వ కూర్పున వానిని తొలగించిరి. అప్పటినుండి ప్రత్యేకముగా తెచ్చి చేర్చుకొనవలయును. మఱియు 2020లో జకార్తా 9వ కూర్పున, పూర్వము "జావాఎక్స్" అని మొదలగు పేర్లెన్నియో "జకార్తా" అని మార్చబడినవి. ఇవి తెలియనివాడు ఎంత శ్రద్ధ వహించినను మొదటిమెట్టు ఎక్కలేడు. తప్పు బాలునిది కాదు; కాలము గడచిన పుస్తకమునది, కారణము విచారింపక కసరిన మాది.

ఇక విషయము. ఒక కార్యాలయపు యంత్రము జావాలో వ్రాసిన పనిని నడుపును. వేఱొక కార్యాలయపు యంత్రము మఱొక భాషలో వ్రాసినదానిని నడుపును. ఇవి పరస్పరము పని చెప్పుకొనవలెనన్నచో ఉభయులును చదువగల లేఖ యుండవలయును. అందులకు ఏర్పడిన లిపిమర్యాదయే ఎక్స్ఎంఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌జిఎంఎల్ నుండి తేలికపఱచి, డబ్ల్యు3సి యను సంస్థ 1998లో దీనిని ప్రకటించెను. ఇందు ప్రతి విషయమునకును ముందొక గుర్తు, వెనుకనొక గుర్తు ఉండును. తెఱచిన ప్రతి గుర్తును, లోపలిది ముందుగా, వెలుపలిది తరువాత మూయవలయును.

ఇందు విద్యార్థులు తరచు తడబడు భేద మొకటి కలదు. లేఖ సుఘటితమై యుండుట వేఱు, సమ్మతమై యుండుట వేఱు. "నిప్పుతో తడుపుచున్నాడు" అను వాక్యమున వ్యాకరణదోషము లేదు. కాని యోగ్యత లేదని మన శాస్త్రకారులు చెప్పుదురు. అట్లే గుర్తులన్నియు సరిగా మూసినను, వయస్సుండవలసిన చోట ఊరి పేరున్నచో లేఖ సమ్మతము గాదు. ఈ యోగ్యతను విధించు పత్రమునకు స్కీమా యని పేరు. దీని ప్రమాణము 2001లో వెలువడినది.

నేమ్‌స్పేస్ అనునది మఱొక చిక్కు. ఈ పందిటిలో "వేంకటేశ్వర్లుగారూ!" అని పిలిచినచో ఎందఱు లేతురో మీరెఱుగుదురు. ఇంటిపేరు చేర్చి పిలిచిననే మనకు వలసినవారు పలుకుదురు. ఒకరి లేఖలోని "సంఖ్య" బియ్యపు బస్తాలది, మఱొకరిది బ్యాంకు ఖాతాది కావచ్చును. గుర్తులకు చేర్చు ఇంటిపేరే నేమ్‌స్పేస్. ఇంటిపేరు తప్పినచో, లోపల పేరు సరియే యైనను, యంత్రము "ఈయన మావాడు కాడు" అనును.

లేఖకు కవరు వలయును గదా! అది సోప్. ఆ కవరులో పైభాగమున అధికారము, భద్రత మున్నగు విషయములును, లోభాగమున అసలు మనవియు నుండును. దాని 1.1 కూర్పు 2000లోను, 1.2 కూర్పు డబ్ల్యు3సి ప్రమాణముగా 2003లోను వచ్చినవి. ఏ సేవ ఏమి కోరును, ఏమి యిచ్చును, ఏ చిరునామాలో నుండును అను ఒడంబడికపత్రము డబ్ల్యుఎస్‌డిఎల్. 2001 నాటి 1.1 కూర్పే విశేషముగా వాడుకయందున్నది. ఒడంబడిక ముందు వ్రాసి పని తరువాత ఆరంభించుట మంచి పద్ధతి. పని ముందు చేసి ఒడంబడికను యంత్రముచేత వ్రాయించినచో, పనిలో చేసిన చిన్నమార్పు ఎదుటివారి ఒడంబడికను వారికి తెలియకయే మార్చును.

ఇక మిడిల్‌వేర్, అనగా నడుమనుండి నడుపు పెద్ద. ఎవరు వచ్చిరో విచారించుట, ఒక ఖాతాలో తగ్గించి వేఱొక ఖాతాలో చేర్చు పని రెండును జరుగునట్లు లేదా రెండును జరుగకుండునట్లు చూచుట, ఎదుటి యంత్రము నిద్రించుచున్నచో లేఖను వరుసలో దాచి మేల్కొనినపుడు అందించుట, ఇవి దాని ధర్మములు.

అట్లని భారమంతయు దానిపై వేసి నిదురింపరాదు. మా విద్యార్థులు అభ్యాసార్థము విద్యార్థివేతనము చెల్లించు సేవ నొకదానిని కట్టిరి. మనవి చేరినది, చెల్లింపు జరిగినది. కాని ప్రత్యుత్తరము దారిలో పోయినది. పంపినవాడు మనవియే చేరలేదనుకొని మరల పంపెను. ఒకే బాలికకు 2000 రూపాయలు రెండుమాఱులు చెల్లెను! అది కాగితపు ధనము గనుక నవ్వుకొంటిమి. నిజధనమైనచో నవ్వు వచ్చునా? ప్రతి మనవికిని ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యను చెల్లింపుతోపాటు పుస్తకములో నెక్కించి, అదే సంఖ్య మరల వచ్చినచో చెల్లింపక పాత ప్రత్యుత్తరమునే యిచ్చునట్లు పిమ్మట దిద్దిరి. నడుమ పెద్ద లేఖ పోకుండ కాపాడవచ్చును. ఒకే పని రెండుమాఱులు కాకుండ చూచు భారము వ్రాసినవానిదే.

తెలుగువారమగు మనకు మఱొక జాగ్రత్త వలయును. "లక్ష్మి" యను పేరు కంటికి రెండక్షరములు. యంత్రము దానిని లకారము, కకారము, పొల్లు, షకారము, పొల్లు, మకారము, గుడి యని ఏడు సంకేతములుగా దాచును. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటికి మూడేసి బైట్లు చొప్పున ఇరువదియొక బైట్లగును. పేరునకు ఇరువది బైట్ల చోటిచ్చినవాడు లక్ష్మికి గుడి తీసివేసినవాడగును! ఎక్స్ఎంఎల్ చదువు ప్రతి పరికరమును యుటిఎఫ్-8ను చదువవలయునని ప్రమాణమే విధించినది. గుర్తులకు సైతము తెలుగు పేర్లు పెట్టవచ్చును. లోపము ప్రమాణమున లేదు, లెక్క వేయు మనయందు కలదు.

"ఇది పాతబడినది గదా, నేడు క్రొత్త పనులకు రెస్ట్ పద్ధతియు జేసన్ లేఖలును చాలవా?" అని యువకులు మమ్మడుగుదురు. క్రొత్త పనులకు పెక్కుచోట్ల అవియే వాడుచున్నారు, నిజము. కాని మన దేశమున రిజర్వు బ్యాంకువారి ఆర్‌టిజిఎస్ 2013నుండి ఐఎస్ఓ 20022 ప్రకారము ఎక్స్ఎంఎల్ లేఖలతో నడచుచున్నది. 2016లో ఆరంభమైన యుపిఐలోను బ్యాంకుల నడుమ సాగునవి ఎక్స్ఎంఎల్ సందేశములే. అందు సోప్ కవరు లేకున్నను లోని లేఖ యదియే. మఱియు ఒడంబడిక, యోగ్యతాపరీక్ష, ద్విరుక్తినివారణము అనునవి లేఖ ఏ రూపమున నున్నను తప్పవు. వ్యాకరణము నేర్చినవాడు క్రొత్తకావ్యము చూచి బెదరునా?

కావున నేర్చు క్రమ మిట్లుండవలయునని మా యభిప్రాయము. మొదట కొన్నిదినములు చేతితో లేఖలు వ్రాసి స్కీమాతో పరీక్షింపవలెను. పిమ్మట ఒడంబడికను చదివి, తానై యొకటి వ్రాయవలెను. సేవను జావాలోను, దానిని పిలుచు పనిని పైథాన్‌లోను కట్టినచో, రెండు భాషల నడుమ లేఖ యెందుకు వలయునో అనుభవమునకు వచ్చును. తుదకు వరుసను చేర్చి, నడుమ యంత్రము నార్పి, ఏ లేఖ నిలిచెనో, ఏది పోయెనో చూడవలెను. అపాచీ సీఎక్స్ఎఫ్, వైల్డ్‌ఫ్లై, ఆర్టెమిస్ మున్నగు పరికరములు వెల లేకయే దొరకును. బొత్తాములు నొక్కుట మాత్రము నేర్పు శిక్షణలకు పేదతల్లిదండ్రులు అప్పుచేసి రుసుము కట్టనక్కఱలేదు.

విద్యానిధి పోషకులగు మహనీయులకు మా విన్నపములు మూడు. వసతిగృహమున ఒకదానితో నొకటి కలిపిన మూడు కంప్యూటర్లు ఏర్పఱుపుడు. ప్రతి యభ్యాసమును ఏటేట నడిపి చూచి, ఏ కూర్పున నడచునో పైన వ్రాసిన తెలుగు పాఠపుస్తక మొకటి సిద్ధము చేయింపుడు. ఆ తరగతిలో బాలికలకు సమానస్థాన మిండు. పొరుగున నున్న యితర కులముల పిల్లలు వచ్చినను తలుపు మూయకుడు. దీపము పదిమందికి వెలిగించినందున తఱుగదు.

వెడలిపోయిన ఆ విద్యార్థి చిరునామా సంపాదించి, తప్పు నీది కాదు, మాదని లేఖ వ్రాసితిమి. ప్రత్యుత్తరము రాలేదు. చేరెనో లేదో యెఱుగము. మరల వ్రాయుదుము. అట్టి లేఖ రెండుమాఱులు చేరినను నష్టము లేదు. ఈ సభలో ఆతని నెఱిగినవారున్నచో, వసతిగృహమున ఆతని చోటు ఖాళీగా నున్నదని తెలుపగోరుచున్నాము.