రాత్రి డ్యూటీ, సమాన హక్కు

ఈ స్నాతకోత్సవంలో పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్ పట్టభద్రులకు ఆసుపత్రి ఇకపై చదువుకునే చోటు కాక ఉద్యోగం చేసే చోటు కాబోతున్నది గనుక, అక్కడి వివక్షపై సాగే చర్చ దేన్ని లెక్కలోకి తీసుకుంటున్నదో, దేన్ని వదిలేస్తున్నదో పరిశీలించడం సందర్భోచితం. సమాన అర్హత గలవారికి లింగాన్ని బట్టి అసమాన అవకాశాలు దక్కడాన్ని వివక్ష అంటారు. నియామకాలు, జీతాలు, పదోన్నతులు ఆ పేరుతో చర్చకు వస్తాయి. అర్ధరాత్రి దాటాక హౌస్ సర్జన్ ఏ గదిలో నడుం వాల్చాలి, ఆ గది తలుపుకు లోపలి గడియ ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం కాపలా సిబ్బంది వ్యవహారంగా మిగిలిపోతుంది.

1973 నవంబర్ 27న ముంబయి కెఈఎం ఆసుపత్రిలో, డ్యూటీ ముగించుకుని బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌లోకి వెళ్లిన నర్సు అరుణా శాన్‌బాగ్‌పై అక్కడి ఉద్యోగి ఒకడు దాడి చేయగా, 2015లో మరణించేదాకా ఆమె అదే ఆసుపత్రిలో అచేతనంగా ఉండిపోయింది. ప్రాణాధార చికిత్సను ఉపసంహరించడం, అంటే పరోక్ష కారుణ్య మరణం, గురించి 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే ఆ పేరు దేశానికి బాగా తెలిసింది. ఒక నర్సు బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌కు ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్న విచారణకు అంతటి ప్రాధాన్యం దక్కలేదు. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో, డ్యూటీ నడుమ సెమినార్ హాలులో విశ్రమించిన పీజీ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైన తరువాతే డ్యూటీ గదుల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఆ ఘటన తరువాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వీలైనంతవరకు స్త్రీలకు రాత్రి డ్యూటీ తప్పించాలని సూచించడం, సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టడం గమనించదగినవి. భద్రతను ఉద్యోగ హక్కుగా చూడని చోట అది నిషేధంగా రూపుదాల్చి, కాపాడే పేరుతోనే అవకాశాన్ని లాగేసుకుంటుంది. రాత్రి డ్యూటీకి దూరమైన వైద్యురాలికి అత్యవసర శస్త్రచికిత్సల అనుభవం ఎక్కడ దొరుకుతుంది? మద్యం వడ్డించే చోట స్త్రీల ఉద్యోగాన్ని నిషేధించిన పాత పంజాబ్ నిబంధనను 2007లో, అనుజ్ గర్గ్ కేసులో, ఇదే న్యాయస్థానం కొట్టివేసిందన్న సంగతి ఆ సూచన రాసినవారికి తట్టినట్లు లేదు.

పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నివారించే 2013 నాటి చట్టాన్ని పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీగా మాత్రమే చాలామంది ఎరుగుదురు. అదే చట్టంలోని 19వ సెక్షన్ పని ప్రదేశానికి వచ్చిపోయేవారి నుంచి కూడా, అంటే ఆసుపత్రిలో రోగుల నుంచీ వారి బంధువుల నుంచీ, ఉద్యోగినులకు రక్షణ కల్పించే బాధ్యతను యజమానిపై ఉంచింది. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారిని సైతం ఉద్యోగులుగానే, పని నిమిత్తం వెళ్లే ప్రతి చోటునూ పని ప్రదేశంగానే అది పరిగణిస్తుంది. స్వచ్ఛంద కార్యకర్తగా ప్రోత్సాహకాలతో సరిపెట్టుకుంటూ, పురిటి నొప్పులు పడుతున్న గర్భిణిని రాత్రివేళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువచ్చే ఆశా కార్యకర్త ఈ నిర్వచనంలో ఇమిడిపోతుంది; ప్రసవం అయ్యాక ఆమె ఊరికి ఎలా తిరిగి వెళ్లాలన్నది, అక్కడ వైద్యాధికారులుగా చేరబోయే ఈ పట్టభద్రులు డ్యూటీ చార్టు వేసేటప్పుడే తేల్చవలసిన విషయం.