బిళ్ల మీది గుర్తు ఎవరికోసం?



మనలో ఎంతమందిమి మందుల షీటు మొత్తం కొనగలుగుతున్నాం? చేతిలో ఉన్న డబ్బుకు నాలుగు బిళ్లలు కత్తిరించి ఇమ్మంటాం. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకు బార్ కోడో, క్యూఆర్ కోడో తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ కోడు పెట్టె మీద ఉంటే అది షాపులోనే ఉండిపోతుంది. మన కొంగులోకి వచ్చేది ఉత్త బిళ్లలే.

2020లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు బిళ్లకే అంటించే గుర్తును చేసి చూపారు. పట్టు ప్రొటీనుకు వెలుగునిచ్చే ప్రొటీన్లు కలిపిన రేణువులు అవి, బిళ్లతోపాటే మింగెయ్యొచ్చు. వెలుతురు వేసి ఫొటో తీస్తే అందులో రంగుల చుక్కలు కనబడతాయి. ఆ చుక్కలు ఎలా పడితే అలా పడతాయి గనక, చేసినవాడు కూడా మళ్లీ అలాంటిది చేయలేడు.

సరే, ఫొటో తీసే ఫోను ఎవరి చేతిలో ఉంది? ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవాడి జేబులో ఉంటే? అసలుదని చూపించే బాధ్యత కొనే మనిషిది కాదు, అమ్మేవాడిది. ఇలాంటి గుర్తులు రేపు బజారులోకి వస్తే, ఆ పరీక్ష కౌంటరు దగ్గరే చేసి చూపాలని ఇప్పుడే అడుగుదాం. అందాకా నాలుగు బిళ్లలు కొన్నా బ్యాచ్ నంబరు వేసిన బిల్లు లేకుండా కదలకండి.