ప్రధానోపాధ్యాయుడు - పల్లెబడి

(వార్షిక మహాసభయందు విద్యావిషయమున గావించిన ఉపన్యాసము)



విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వక్తను కాను. సంస్కృతము చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు బోధించి, తుదకు ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి గొన్నవాడను. కావున నాకు తెలిసిన సంగతిని మాత్రమే విన్నవింతును.

ఇంతకుముందే ఈ వేదికపై పదవతరగతియందు మంచి మార్కులు గాంచిన మన బాలబాలికలకు శాలువలు కప్పితిమి. చాల సంతోషము. అయితే ఆ పరీక్షవరకు రాకుండగనే బడి విడిచిన పిల్లల నెవరు లెక్కించిరి? వారిని నిలుపగలవా రెవరు? నాకు తోచిన సమాధాన మొక్కటియే. ఆ బడి ప్రధానోపాధ్యాయుడును, అతనికి అండగా నిలుచు గ్రామమును. నా ఉపన్యాససారమంతయు నింతియే.

మన సీమ పూర్వస్థితిని కొంచెము స్మరింతము. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములు పండితులను సత్కరించి కీర్తి గాంచినవి. కాని యా విద్యాదీపపు వెలుగు కోటగుమ్మము దాటి రైతుకూలి గుడిసెవరకు రాలేదు. నిజాము రాష్ట్రమున రాజభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. మన పిల్లవానికి బడియు దూరమే, బడిలోని భాషయు దూరమే. ఆ కాలమున ఊరు విడిచి చదువబోయిన బాలురకు వసతిగృహములే తల్లి యొడి యైనవి. వనపర్తి సీమలో జన్మించిన రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికచే 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసినది. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన అలంపురము సీమవారు సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాల మా హాస్టలు నిర్వహణభారమును వహించిరి. భవనమును నిలబెట్టుట యొక పని. అందలి పిల్లలను నిలబెట్టుట వేరొక పని. రెండవది లేనిచో మొదటిదానికై యిచ్చిన దానము గోడలుగనే మిగులును.

ఇటీవలి దృష్టాంతము నల్లగొండ సీమలోనే కలదు. 1971లో, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, సర్వేల్ గ్రామమున నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు మొదటి గురుకుల పాఠశాల తెరువబడినది. పిమ్మట తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులములు వచ్చినవి. వారే కేంద్రమున మానవవనరుల శాఖామాత్యులుగా నున్నపుడు, 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి నవోదయ విద్యాలయములు దేశమంతట వ్యాపించినవి. పేదయింటి పల్లెబిడ్డ కన్నమును, పుస్తకమును, రేయింబవళ్లు కనిపెట్టియుండు గురువును లభించినచో పట్టణపు బిడ్డకు తీసిపోడని సర్వేల్ నిరూపించినది.

కాని సోదరులారా, గురుకులము పరీక్ష పెట్టి పిల్లల నేరుకొనును. పల్లెబడి కా వీలు లేదు. వచ్చినవారినందరను చేర్చుకొనవలెను, రానివారిని వెదకి తేవలెను. కనుక ప్రధానోపాధ్యాయుని నిజమైన పరీక్ష పల్లెబడిలోనే జరుగును.

ఆచార్యశబ్దమునకు యాస్కుడు నిరుక్తమున మూడు వ్యుత్పత్తులు చూపెను: ఆచారమును గ్రహింపజేయువాడు, అర్థములను కూర్చువాడు, బుద్ధిని పెంపొందించువాడు. బడిపెద్ద చేయవలసిన పనులును ఈ మూడే యని నేను భావింతును.

మొదటిది ఆచారము. నేను ప్రధానోపాధ్యాయుడనై చేరిన యొక బడిలో, దీపావళి దాటిన పిమ్మట హాజరుపట్టికయందు పిల్లలందరు నుండిరి. గదులలో మూడవవంతు లేరు. వారెక్కడ నుండిరో పాలమూరివారికి చెప్పనక్కరలేదు. మేస్త్రీ ముందుగా నిచ్చిన బయానాకు కట్టుబడి, తలిదండ్రులతో గూడ లారీ యెక్కి, ఎక్కడనో కాలువగట్టున మట్టి మోయుచుండిరి. దేశమున నెన్నియో ఆనకట్టలకు చెమటోడ్చిన పాలమూరి కూలీల బిడ్డలకు అక్షరమే కరవైనది. నేను పట్టికలో ఉన్నది ఉన్నట్లు వ్రాసితిని. హాజరు తగ్గినందుకు పై అధికారి యొకరు కోపించిరి; తోటి ఉపాధ్యాయులు కొందరు నొచ్చుకొనిరి. కాని అబద్ధపు పట్టిక నుంచుకొని పిల్లలకు సత్యమును బోధించుట యెట్లు? రోగమును దాచి వైద్యము చేయుట యెట్లు?

రెండవది అర్థములను కూర్చుట. యాస్కుని వాక్యమున అర్థమనగా పదార్థము, భావము. పల్లెబడిలో దానికి సాధనమను అర్థము కూడ చెప్పుకొనవచ్చును. మరుసటి సంవత్సరము దసరాకు ముందే ఇల్లిల్లు తిరిగి, అవ్వతాతలున్న యిండ్లలో పిల్లలను విడిచి పొమ్మని బ్రతిమాలితిమి. మధ్యాహ్నభోజనము బడిలో కలదు. రాత్రి కేమి తిందురని తల్లు లడిగిరి. న్యాయమైన ప్రశ్న. ఊరి స్త్రీలు వంతులవారీగా జొన్నరొట్టెయు పప్పును పంపుట కొప్పుకొనిరి. రాత్రివేళ నొక గదిని తెరచి దీపము పెట్టితిమి. కొందరు పిల్లలు నిలిచిరి. వలసపిల్లలకై ప్రభుత్వము సర్వశిక్షా అభియాన్ క్రింద తాత్కాలిక వసతిగృహములు నడపినచోట్లను, ఊరూర తిరిగి పిల్లలను చేర్చు బడిపెద్ద లేనిచో అవి ఫలింపవు.

ఈ సందర్భమున నా లోపమును గూడ చెప్పుట ధర్మము. ఏడవతరగతి బాలిక యొకతె చదువునందు మిక్కిలి చురుకైనది. తండ్రితో వచ్చి మాటలాడుమని ఆమె తల్లి నన్ను కోరినది. ఆనాడు తనిఖీ కాగితములు సిద్ధపరచుటలో మునిగి, రేపు పోవుదునని యూరకుంటిని. మరునాడు పోవునప్పటికి తలుపునకు తాళము. లారీ తెల్లవారకముందే కదలిపోయినది. ఉగాది దాటి వారు తిరిగి వచ్చిరి. బాలిక బడిగోడ దాక వచ్చి నిలుచున్నది, లోనికి రాలేదు. పిలిచితిని. “నాతోటోళ్లు పై క్లాసుకు పోతున్నరు సారూ, నేనెట్ల గూసుంట?” అన్నది. మరుసటి యేడామెకు పెండ్లి చేసిరి. ఆ తనిఖీ కాగితములలో నేమి వ్రాసితినో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. ఆ పిల్ల నిలుచున్న చోటు మాత్రము జ్ఞాపకమున్నది.

మూడవది బుద్ధిని పెంపొందించుట. ఆరవతరగతికి వచ్చియు వాక్యము చదువలేని పిల్లలు ప్రతి బడిలోను కలరు. ప్రాథమిక పాఠశాలలలో ఈ లోపమును తీర్చుటకే తెలంగాణ ప్రభుత్వము 2022లో తొలిమెట్టు కార్యక్రమము నారంభించినది. కాని ఉత్తరువు తనంతట తాను పాఠము చెప్పదు. బడిపెద్ద కుర్చీ విడిచి, ప్రతిదినము నొక గంట వెనుకబడిన పిల్లల నడుమ కూర్చుండి చదివించినచో, మిగిలిన ఉపాధ్యాయులకు వేరు ఆజ్ఞ అక్కరలేదు. నేనట్లు చేయగా మొదట నవ్వినవారే కొన్నాళ్లకు తమ గంటలను గూడ ఇచ్చిరి.

ఇక మన సంఘమునకు నా మనవి. 2011 జనాభాలెక్కలలో మహబూబ్‌నగరు జిల్లా అక్షరాస్యత నూటికి ఇంచుమించు 55; నాటి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాలలో నదియే కడపటి స్థానము. 2016లో జిల్లాలు విభజింపబడి పేర్లు మారినవి. పేరు మారినంతమాత్రమున బిడ్డకు చదువు రాదు గదా! కావున మూడు పనులను కోరుచున్నాను.

ఒకటి: సంఘ వసతిగృహమున కొన్ని స్థానములను వలసకూలీల పిల్లలకై, కులము నడుగక, దీపావళి మొదలు వేసవిసెలవులవరకు విడిచిపెట్టుడు. ఆకలికి కులము లేదు, అక్షరమునకును లేదు.

రెండు: పనిచేయు ప్రధానోపాధ్యాయుని మనవాడు కాడని బదిలీ చేయింపకుడు, పనిచేయనివానిని మనవాడని కాపాడకుడు. ఈ మాట కొందరికి కటువుగా నుండవచ్చును, వృద్ధుడనని క్షమింపుడు.

మూడు: 2009 నాటి విద్యాహక్కు చట్టము బడి నిర్వహణసంఘములలో ముప్పాతిక భాగము తలిదండ్రులే యుండవలెనని విధించినది. ఆ సమావేశములకు సంతకము పంపక స్వయముగా పొండు. పట్టికను చూడుడు, గదులను లెక్కింపుడు, రానిబిడ్డ పేరడుగుడు.

వచ్చు మహాసభలో మార్కులు గాంచిన పిల్లలకు తప్పక శాలువలు కప్పుదము. వారితోగూడ, ఏ గ్రామమున నొక్క బిడ్డయు బడి విడువలేదో ఆ గ్రామపు ప్రధానోపాధ్యాయునికిని, ఆయన యే కులమువాడైనను, ఒక శాలువ నుంచుడు. అట్టి గ్రామ మొక్కటియు దొరకనిచో ఆ శాలువను మడచి యుంచి, ఆ మీదటి యేటికి ప్రయత్నింతము.



స్వస్తి.