చివరి చుక్క తరువాత



2000వ సంవత్సరము మే 4వ తేదీన దేశదేశములలోని ఉద్యోగులకు 'ఐ లవ్ యూ' అను శీర్షికతో ఒక ఈ-మెయిల్ వచ్చెను. పంపినవారు అపరిచితులు కారు. తోటి ఉద్యోగులో, మిత్రులో. జతపరచిన ఫైలు ప్రేమలేఖయని పేరు. పేరు చివర 'టీఎక్స్‌టీ' అని కనబడుచుండెను. అనగా ఉత్త వ్రాతయని అర్థము. కాని దాని వెనుక 'వీబీఎస్' అను మరియొక తోక కలదు. తెలిసిన రకముల ఫైళ్ళకు తోకను దాచుట విండోసునకు అలవాటు. కనుక అది పెక్కుమంది కంటబడలేదు. వీబీఎస్ పత్రము కాదు, యంత్రమునకిచ్చు ఆజ్ఞల వరుస. తెరచినంతనే అది ఫొటోలను పాడుచేసి, చిరునామాల పట్టికలోని వారందరికిని తన ప్రతులను పంపెను. మనీలాలో పుట్టిన ఆ ఉపద్రవము వలన ఆనాడే లండనులో కామన్స్ సభ ఈ-మెయిల్ కొంతసేపు నిలిచిపోయెను.

కవరు మీది పేరు చూచి లోపలి కాగితమును నమ్ము గుమాస్తా యుండడు. ఇక్కడను అంతే. పేరులో చిట్టచివరి చుక్క తరువాతి అక్షరములే ఫైలు జాతిని తెలుపును.

టీఎక్స్‌టీ, జేపీజీ, ఎంపీ3 చదువుటకు, చూచుటకు, వినుటకు ఏర్పడినవి, ప్రమాదము తక్కువ. పీడీఎఫ్ పత్రమే యైనను అందలి లంకెలను ఊరక నొక్కరాదు. డీఓసీఎం, ఎక్స్ఎల్ఎస్ఎం అను వాని చివరి 'ఎం' లోపల మాక్రోలు, అనగా ఆజ్ఞలు, ఉండవచ్చునని హెచ్చరిక. జిప్ ఒక మూట. లోపలి వస్తువు నెరుగక విప్పరాదు. ఈఎక్స్ఈ, బీఏటీ, ఎస్‌సీఆర్, వీబీఎస్ స్వయముగ పనిచేయునవి. కోరకుండ వచ్చినచో తెరువనే రాదు.

సెల్‌ఫోనులో ఇట్టిది ఏపీకే. పెండ్లి శుభలేఖ పేరిట వాట్సాప్‌లో ఏపీకే పంపి మోసగించుట నేడు జరుగుచున్నది. దానిని స్థాపించి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో, బ్యాంకు పంపు ఓటీపీ దొంగల చేతబడును. జీవితకాలపు పొదుపు గడియలో పోవచ్చును. శుభలేఖ బొమ్మగనో, వీడియోగనో, పీడీఎఫ్‌గనో వచ్చును గాని చదువుటకై ఏపీకేను స్థాపింపుమనదు.

విండోసులో ఫోల్డరు తెరచి 'వ్యూ' పట్టికలో ఫైళ్ళ తోకలను చూపు ఏర్పాటును ఎంచుకొనవలెను. తెలిసినవారు పంపినను అనుమానము కలిగినచో ముందుగా వారికి ఫోను చేసి అడుగవలెను. వారి ఖాతా పరుల చేతబడి యుండవచ్చును. ఇంట పింఛనుపై జీవించు పెద్దలున్నవారు ఈ రాత్రియే వారికి ఏపీకే సంగతి చెప్పుట మంచిది.